మడత చాకు ప్లాస్టిక్ పిడి ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చేయాలి?

చాకు పిడి ప్లాస్టిక్‌దని తెలిస్తే చాలామందికి చులకన. కొమ్ముదో చెక్కదో అయితే మన్నుతుందనీ, ప్లాస్టిక్ అయితే నాలుగు రోజుల ముచ్చటేననీ అనుకుంటారు. కానీ మంచి ప్లాస్టిక్ పిడి వాడకం వల్ల అరిగిపోవడం చాలా అరుదు. నూరీ నూరీ బ్లేడు సన్నబడిపోయినా పిడి మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ప్లాస్టిక్ పిడి పాడయ్యేది ఎక్కువగా స్క్రూలు, రివెట్లు దిగిన రంధ్రాల దగ్గర. లేదంటే ఎక్కువ వేడి తగిలినప్పుడు, దానికి పడని ద్రవం అంటినప్పుడు. మన జాగ్రత్త కూడా ఈ మూడింటి మీదే ఉండాలి. పైన పడే గీతల గురించి టెన్షన్ అక్కర్లేదు.

1. ముందు అది ఏ ప్లాస్టికో పోల్చుకోండి

ఒక ప్లాస్టిక్‌ను ఏమీ చేయని ద్రవం ఇంకో ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. అందుకే ఈ పని ముందు చేయాలి. చాకుతో వచ్చిన కాగితంలో పేరు ఉంటే సరే. లేకపోతే కంటితో, చేత్తో చూసి చాలావరకు చెప్పేయవచ్చు.

మెరుపు లేకుండా, పట్టు కోసం గరుకు గళ్లు అచ్చులోనే పోసి ఉంటే అది గాజు పీచు కలిపిన నైలాన్ అయ్యే అవకాశం ఎక్కువ. 1990లో స్పైడర్కో అనే చాకుల కంపెనీ తెచ్చిన డెలికా, ఎండ్యూరా చాకుల పిడి ఈ రకమే. జైటెల్ అని రాసి ఉన్నా అది నైలానే. నా లెక్కలో జేబు చాకులకు ఇంతకంటే మొండి ప్లాస్టిక్ లేదు.

అద్దంలా నిగనిగలాడుతూ, అంచుల దగ్గర కొంచెం వెలుతురు లోపలికి పోతున్నట్టు ఉంటే అది సెల్యులోజ్ ఎసిటేట్ బ్యూటిరేట్ కావచ్చు. విక్టోరినాక్స్ ఎర్ర చాకుల మీద ఉండేది ఇదే. ఆ కంపెనీ దీన్ని సెలిడార్ అంటుంది. అదే కంపెనీ 111 మిల్లీమీటర్ల పెద్ద చాకుల్లో చాలావాటికి మాత్రం మెరుపు లేని నైలాన్ వేస్తుంది. కాబట్టి కంపెనీ పేరొక్కటే చూసి తేల్చేయకండి.

ఎముకలాగో కొమ్ములాగో కనిపిస్తూ, తాకితే మైనం పూసినట్టు జారుతుంటే అది డెల్రిన్ కావచ్చు. ష్రేడ్ ఓల్డ్ టైమర్ చాకుల గోధుమ రంగు పిడి దీనితోనే చేశారు. బోలుగా, తేలిగ్గా, గట్టిగా ఉండే చవక రకం పిడి చాలాసార్లు ఏబీఎస్ అనే ప్లాస్టిక్.

బాగా పాత చాకుకు ముత్యపు చిప్పలాంటి, తాబేటి చిప్పలాంటి పిడి ఉంటే అది సెల్యులాయిడ్ కావచ్చు. వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తుంది. నిప్పు పెట్టి పరీక్షించే పని మాత్రం అస్సలు చేయొద్దు. సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

2. రంధ్రాల చుట్టూ చూడండి

చాకు మూసి, దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. పిడి మధ్య భాగాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. బ్లేడు తిరిగే ఇరుసు చుట్టూ, జేబుకు తగిలించే క్లిప్ స్క్రూల చుట్టూ, తాడు కట్టే రంధ్రం దగ్గర, తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాక్ ఆనే చోట చూడండి. వెంట్రుకంత సన్నని గీత రంధ్రం నుంచి అంచు వైపు సాగుతుంటే అది పగులు. గీత లేకుండా తెల్లగా పాలిపోయి ఉంటే అక్కడ ప్లాస్టిక్ మీద ఒత్తిడి ఎక్కువైందన్నమాట, ఇంకా విరగలేదు. పైపైన పడిన గీతకీ పగులుకీ తేడా తెలియకపోతే గోరు ఆనించి అడ్డంగా లాగండి, గోరు తట్టుకుంటే పగులేమోనని అనుమానించండి. పిడిని రెండు చేతులతో మెల్లగా వంచినప్పుడు గీత విచ్చుకుంటే ఇక సందేహం లేదు.

తర్వాత పిడి లోపల లోహపు రేకులు ఉన్నాయో లేదో చూడండి. చాకు మరో అయిదేళ్లు వస్తుందా రాదా అన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. రేకులుంటే బరువంతా అవే మోస్తాయి, ప్లాస్టిక్ చేతికి పట్టు ఇచ్చే పైతొడుగు మాత్రమే. అది పగిలినా చాకు పనిచేస్తుంది. రేకులు లేకుండా ప్లాస్టిక్‌లోనే ఇరుసు దిగి ఉంటే, ఆ రంధ్రం పొడవుగా సాగిన రోజున చాకు పని అయిపోయినట్టే.

రంధ్రం సాగిందో లేదో తెలుసుకోవడానికి బ్లేడు తెరిచి లాక్ పడనివ్వండి. పదునున్న వైపు వేళ్లు రాకుండా బ్లేడు వీపును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఆట, అంటే వదులు కదలిక, ఉంటే ఇరుసు స్క్రూను కొంచెం బిగించి మళ్లీ చూడండి. ఆట పోతే స్క్రూ వదులైందంతే. బ్లేడు తిరగలేనంతగా బిగించినా ఆట పోకపోతే రంధ్రమే అరిగింది. బ్లేడు వీపును బల్లకేసి కొట్టి లాక్‌ను పరీక్షించేవాళ్లు ఉన్నారు. బాగున్న చాకును పాడుచేయడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

3. కడగడం తేలిక, ఏమి తగలకూడదో తెలుసుకోవడమే ముఖ్యం

గోరువెచ్చని నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు, మెత్తని టూత్‌బ్రష్ చాలు. బ్లేడును నీళ్లలోనే రెండు మూడుసార్లు తెరిచి మూసి, బయటకు తీసి, తుడిచి, తెరిచే ఆరబెట్టండి. ఆరాక ఇరుసులో ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి, పిడి మీదికి కారింది తుడిచేయండి. గిన్నెలు తోమే మిషన్‌లో మాత్రం వేయకండి. అందులో వేడీ, ఘాటైన సబ్బూ కలిసి పనిచేస్తాయి.

సెలిడార్‌కూ ఏబీఎస్‌కూ అసలు శత్రువు అసిటోన్. స్టిక్కర్ జిగురు వదిలించడానికి నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచారంటే మెరుపు పోయి, పై పొర ముద్దవుతుంది. థిన్నర్ కూడా అంతే. చాలామందికి తెలియనిది దోమల క్రీమ్ సంగతి. అందులో డీట్ అనే మందు ఉంటే అది సెల్యులోజ్ రకాలనూ ఏబీఎస్‌నూ మెత్తబరుస్తుంది. క్రీమ్ రాసుకున్న చేత్తో ఎర్ర చాకు పట్టుకుంటే వేలిముద్రలు శాశ్వతంగా పడిపోవచ్చు. నైలాన్‌ను డీట్ గానీ అసిటోన్ గానీ ఏమీ చేయవు, కానీ బ్లీచ్, గాఢ ఆమ్లాలు దాన్ని తినేస్తాయి. డెల్రిన్‌కు కూడా ఆ రెండే పడవు.

మరి నీళ్లు? ఇక్కడ నైలాన్ స్వభావం కాస్త విచిత్రం. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఏమీ కలపని నైలాన్ 66 మామూలు గాల్లో తన బరువులో దాదాపు 2.5 శాతం, చాలాకాలం నీళ్లలో నానితే 8 శాతం పైగా నీరు తీసుకుంటుంది. గాజు పీచు కలిపితే అంత తీసుకోదు. ఆ తేమ వల్ల పిడి పాడవదు సరికదా, దెబ్బకు ఓర్చుకునే గుణం పెరుగుతుంది. పూర్తిగా ఎండిన నైలానే పెళుసు. కాబట్టి నైలాన్ పిడి తడిసిందని కంగారు పడి హెయిర్ డ్రయ్యర్ పట్టకండి. తుప్పు భయం బ్లేడుకే, పిడికి కాదు.

4. వేడి నుంచి, ఎండ నుంచి దూరంగా ఉంచండి

ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. నైలాన్ 66 కరిగేది 260 డిగ్రీల దగ్గర కాబట్టి దానికి ఇబ్బంది లేదు. సెలిడార్ రకం మాత్రం అక్కడ రోజూ ఉంటే వంకర పోవచ్చు, మరిగే నీళ్లకు మెత్తబడుతుంది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏ ప్లాస్టిక్‌నైనా నెమ్మదిగా పెళుసు చేస్తాయి. ఆరుబయట ఎక్కువ వాడే చాకైతే నల్ల పిడి తీసుకోండి. నలుపు కోసం కలిపే కార్బన్ మసి ఆ కిరణాలను లోపలికి పోనివ్వదు. రంగురంగుల పిడి గడ్డిలో పడినా దొరుకుతుందన్నది ఇంకో వాదన. దాన్నీ కాదనలేను.

5. స్క్రూల దగ్గర ఓపిక పట్టండి

ప్లాస్టిక్ పిడులను చంపేది ఎక్కువగా స్క్రూడ్రైవరే. స్క్రూ నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగే చోట, తిరిగి పెట్టేటప్పుడు ముందు దాన్ని వదులు చేసే వైపు మెల్లగా తిప్పండి. పాత మరలో పడగానే చిన్నగా టక్కుమంటుంది. అక్కడి నుంచి బిగించండి. ఇలా చేయకపోతే స్క్రూ తనకు తానే కొత్త మర కోసుకుంటుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే పట్టు పోతుంది. వేళ్ల బలానికి ఆగిన చోట ఆపేయండి.

స్క్రూ వదులు కాకుండా వేసే థ్రెడ్ లాకర్ ద్రవం లోహానికి లోహం తగిలే చోట మాత్రమే వాడాలి. ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌కు అంటితే, అప్పటికే బిగుతుగా ఉన్న రంధ్రం చుట్టూ పగుళ్లు పుట్టిస్తుంది.

ఇక చాకుతో డబ్బా మూతలు పెకలించి లేపడం, మెలితిప్పడం చేస్తే ఏ పిడి అయినా స్క్రూల దగ్గరే పోతుంది.

6. వాసన, జిగట, తెల్లపొడి

సెలిడార్ లాంటి సెల్యులోజ్ రకం పిడిని చాలాకాలం పెట్టెలో మూసి ఉంచితే, పెట్టె తెరవగానే పుల్లని, ముక్కిపోయిన వెన్న వాసన కొట్టవచ్చు. పాత స్క్రూడ్రైవర్ల పెట్టెలో వచ్చే కంపు కూడా ఇదే, బ్యూటిరిక్ ఆమ్లం. మీద తెల్లపొడి కూడా పేరుకోవచ్చు. సబ్బు నీళ్లతో కడిగి, గాలి తగిలే చోట పెట్టండి. పిడి అప్పుడే చచ్చిపోయినట్టు కాదు.

రబ్బరు పూత ఉన్న పిడి కొన్నేళ్లకు బంకలా అంటుకోవడం మొదలుపెడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పూత లేచి వచ్చేస్తే రానివ్వండి, కింద గట్టి ప్లాస్టిక్ ఉంటుంది.

సెల్యులాయిడ్ సంగతి వేరు. అది పాడవుతూ వదిలే ఆమ్లపు ఆవిరి పక్కనున్న బ్లేడ్లను కూడా తుప్పు పట్టిస్తుంది. అలాంటి చాకును మిగతావాటికి దూరంగా, గాలి ఆడేలా, చల్లని చోట విడిగా ఉంచండి.

7. బాగుచేయాలా, మార్చాలా?

సెలిడార్ మీది గీతలు 1000 నంబరు, తర్వాత 2000 నంబరు నీటి ఉప్పుకాగితంతో తడిగా రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పెడితే పోతాయి. గాజు పీచు నైలాన్‌ను రుద్దకండి. లోపలి పీచు పైకి లేచి ముందుకంటే అసహ్యంగా తయారవుతుంది. ఆ పొడి చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

ఎర్ర చాకు పిడి ముక్క పగిలితే అతికించే బదులు మార్చేయండి. అది లోపలి రివెట్ల తలల మీద నొక్కి కూర్చోబెట్టిందే. పిడిలో దూర్చి ఉండే పళ్లపుల్ల, పట్టకారు తీసేసి, చాకు మూసి, పిడిని కొన్ని నిమిషాలు వేడి నీళ్లలో ఉంచండి. మరిగే నీళ్లు వద్దు. తర్వాత సందులో పల్చని రేకు దూర్చి రివెట్ల దగ్గర మెల్లగా లేపండి. కొత్త ముక్కను రివెట్ల మీద సరిగ్గా పెట్టి, మధ్యలో గుడ్డ వేసి నొక్కితే టక్కున కూర్చుంటుంది.

డెల్రిన్‌ను మామూలు జిగురు పట్టుకోదు. నైలాన్‌ను పట్టుకున్నా రోజూ ఒత్తిడి పడే చోట నిలవదు. క్లిప్ దగ్గర చిన్న పగులైతే క్లిప్ తీసేసి చాకు వాడుకోవచ్చు. లోహపు రేకులు లేని పిడిలో ఇరుసు దగ్గరో, లాక్ ఆనే చోటో పగులు కనిపిస్తే ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకోకండి. అది విరిగేది మీరు గట్టిగా నొక్కి కోస్తున్నప్పుడే, అప్పుడు బ్లేడు మూసుకునేది మీ వేళ్ల మీదే. కంపెనీ వారంటీ ఉంటే పంపండి. లేకపోతే బ్లేడు తెరుచుకోకుండా చాకు చుట్టూ గట్టిగా టేపు చుట్టి పారేయండి.