పికప్ మీద క్యాంపర్ ఎక్కించాక టైర్లతో వచ్చే ఇబ్బందులు: సమస్య, కారణం, పరిష్కారం

డాలస్ నుంచి బిగ్ బెండ్ వెళ్తూ ఐ-20 మీద అబిలీన్ దాటాక టీ కోసం ఆగాం. పిల్లలు తినడానికి ఏవో తీసుకుంటుంటే నేను బండి చుట్టూ తిరిగి ఒక్కో టైరు మీద అరచేయి ఆనించి చూస్తున్నాను. ముందువి రెండూ గోరువెచ్చగా ఉన్నాయి, వెనక ఎడమది ఇంకాస్త వేడిగా ఉంది, వెనక కుడిది మాత్రం చెయ్యి పెట్టనివ్వట్లేదు. వంగి చూస్తే లోపలి వైపు, ట్రెడ్ అంచు కింద నిమ్మకాయంత ఉబ్బు. ఇంకో ఇరవై మైళ్లు అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అప్పటి నుంచి ఈ విషయం మీదే కూర్చున్నాను. మనవాళ్లు కూడా ఈమధ్య సెకండ్‌హ్యాండ్ పికప్పు, దాని వెనక తొట్టి (బెడ్) మీద ఎక్కించే చిన్న గది లాంటి క్యాంపరు కొనుక్కుని నేషనల్ పార్కులు తిరుగుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ఏ సమస్య అయినా ముందు కాటా

టైరు షాపుకి వెళ్లడానికి ముందే బండిని కాటా వేయించండి. మన ఊళ్లలో లోడు లారీని ధర్మకాటా మీదకి ఎక్కించినట్టే, ఇక్కడ హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద నిలబెడితే చీటీలో ముందు యాక్సిల్ బరువు, వెనక యాక్సిల్ బరువు విడివిడిగా వస్తాయి. ట్రిప్పుకి ఎలా బయలుదేరతారో అలాగే వెళ్లాలి: ట్యాంకులో నీళ్లు, గ్యాసు సిలిండరు, బియ్యం మూట, కుటుంబం మొత్తం. క్యాంపర్ బ్రోచర్‌లో రాసిన ఖాళీ బరువు నమ్ముకుంటే మోసపోతాం, ఎందుకంటే అందులో తర్వాత పెట్టించుకున్న ఏసీ, అదనపు బ్యాటరీ, నీళ్లు ఏవీ ఉండవు. ఒక గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే 40 గాలన్ల ట్యాంకు నిండితేనే 334 పౌండ్లు.

ఆ చీటీలో వెనక యాక్సిల్ అంకెని రెండింటితో పోల్చాలి. మొదటిది డ్రైవర్ డోరు చట్రం మీద స్టిక్కర్లో ఉండే వెనక యాక్సిల్ పరిమితి. రెండోది టైరు పక్కగోడ మీద రాసి ఉండే గరిష్ఠ లోడు, రెండు టైర్లు కాబట్టి దానికి రెట్టింపు. నాది ముప్పావు టన్ను తరగతి బండి, వెనక ఒక్కో వైపు ఒక్కటే టైరు. కాటాలో వెనక 6,480 పౌండ్లు వచ్చింది. నా టైర్లు ఎల్‌టీ245/75ఆర్17, ఒక్కోటి 3,195 పౌండ్లు మోస్తుంది, రెండూ కలిపి 6,390. స్టిక్కర్ మీద యాక్సిల్ పరిమితి 6,200. అంటే టైర్ల మీద 90, యాక్సిల్ మీద 280 పౌండ్లు ఎక్కువ మోసుకుంటూ టెక్సస్ ఎండలో 75 మైళ్ల స్పీడులో పోతున్నానన్నమాట.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పెద్ద టైరు వేస్తే టైరు మోసే బరువు పెరుగుతుంది, స్టిక్కర్ మీద అంకె పెరగదు. వెనక స్ప్రింగులకి సాయంగా గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) పెట్టించినా అంతే, బండి వెనక భాగం పైకి లేస్తుంది తప్ప యాక్సిల్, బేరింగులు, బ్రేకులు అవే. అందుకే నేను మొదట బరువు దించాను. 30 గాలన్ల నీళ్లు ఇంట్లోనే వదిలేసి క్యాంప్‌గ్రౌండ్‌లో పట్టుకోవడం మొదలుపెట్టాను, వెనక బంపర్ దగ్గర కట్టిన జనరేటర్ తీసేశాను. మళ్లీ కాటా వేస్తే 6,160. టైర్లు మార్చింది ఆ తర్వాతే.

బండి ఊగుతోంది, పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్తే లాగేస్తోంది

క్యాంపర్ ఎత్తుగా ఉంటుంది, కొంత ఊగడం సహజం. మరీ స్టీరింగ్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంటే మొదట టైరు సైజు ముందున్న అక్షరం చూడండి. పీ275/65ఆర్18 అని ఉంటే అది కార్ల తరహా టైరు, ఎల్‌టీ275/65ఆర్18 అని ఉంటే లైట్ ట్రక్ టైరు. కొలతలు అవే, రిమ్ము అదే, చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఆ పీ టైరు లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే కోడ్ అంకె) సాధారణంగా 114, అంటే 2,601 పౌండ్లు, దాన్ని పికప్‌కి వాడేటప్పుడు 1.10తో భాగించాలి కాబట్టి మిగిలేది 2,364. అదే ఎల్‌టీ టైరు, లోడ్ రేంజ్ “ఈ” (ఇంగ్లీషు అక్షరం E) అయితే, 3,415 మోస్తుంది. పీ టైరు పక్కగోడ మెత్తగా ఉంటుంది, ఎత్తైన బరువు కింద అది అటూ ఇటూ నలుగుతుంటే మనకి బండి మొత్తం ఊగినట్టు తెలుస్తుంది.

ఎల్‌టీ టైర్లే ఉండి కూడా ఊగుతుంటే గాలి చూడండి, ఆ తర్వాత ట్రెడ్ చూడండి. లోతైన గాడులు, పెద్ద పెద్ద బటన్లు (ట్రెడ్ మీది రబ్బరు దిమ్మలు) ఉన్న మడ్ టైర్లు బరువు కింద బటన్ల దగ్గరే మెత్తగా కదులుతాయి. మట్టి రోడ్లలో తిరిగేది ఏడాదికి రెండు వారాంతాలే అయితే హైవే ట్రెడ్ గానీ, మరీ మొరటుగా లేని ఆల్ టెర్రైన్ గానీ తీసుకోండి. నా ఓటు హైవే ట్రెడ్‌కే. ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే అప్పుడు షాక్ అబ్జార్బర్లు, వెనక స్వే బారు (ఊగుడు తగ్గించే కడ్డీ), స్ప్రింగుల వంతు. చాలామంది అక్కడ మొదలుపెట్టి డబ్బు తగలేసి చివరికి టైర్ల దగ్గరికి వస్తారు.

"ఇది కూడా E, అది కూడా E, ఏదైనా ఒకటే" అని షాపులో అంటున్నారు

ఒకటి కాదు. లోడ్ రేంజ్ E అంటే 80 పీఎస్ఐ వరకు గాలి పట్టించుకునే బలం ఉందని అర్థం, సీ అయితే 50, డీ అయితే 65. ఎంత బరువు మోస్తుందన్నది సైజుని బట్టి మారుతుంది. నా పాత 245/75ఆర్17 E రేంజే, 3,195. ఇప్పుడు 18 అంగుళాల రిమ్ముల మీద వేసిన ఎల్‌టీ275/70ఆర్18 కూడా E రేంజే, కానీ 3,640, రెండూ కలిపి 7,280. కాబట్టి అక్షరం చూసి ఆగిపోకుండా పక్కగోడ మీద పౌండ్లు చదవండి. "10 ప్లై" అనే మాట కూడా పాతకాలపు లెక్క, కోస్తే లోపల పది పొరలు కనిపించవు.

సైజు మారిస్తే రిమ్ము కూడా ఆ బరువు మోయగలగాలి. రిమ్ము మీద దాని గరిష్ఠ లోడు అచ్చుపోసి ఉంటుంది, చాలాసార్లు వెనక వైపు. అందంగా ఉన్నాయని కొన్న రిమ్ముల మీద 2,600 అని ఉంటే 3,640 టైరు వేసి లాభం లేదు.

కాటా చీటీలో యాక్సిల్ మొత్తం బరువే ఉంటుంది, ఏ చక్రం మీద ఎంతో ఉండదు. నా క్యాంపర్‌లో ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు రెండూ కుడివైపే, కాలిన టైరూ కుడివైపుదే. అందుకని యాక్సిల్ బరువు కంటే కనీసం పది పదిహేను శాతం ఎక్కువ మోసే టైర్లు ఎంచుకోండి.

వెనక నాలుగు టైర్లున్న డ్యూయలీ అయితే లోడ్ ఇండెక్స్‌లో రెండో అంకె చూడాలి. 120/117 అని ఉంటే మొదటిది ఒంటి టైరుకి, రెండోది జంట టైర్లకి. ఇంకా పెద్ద బరువులకి 19.5 అంగుళాల కమర్షియల్ టైర్లున్నాయి, వాటికి రిమ్ములు కూడా కొత్తవే కొనాలి, క్యాంపర్ దించేశాక సవారీ గట్టిగా ఉంటుంది. రోజూ ఆఫీసుకి అదే బండి నడిపేవాళ్లకి నేను చెప్పను. ట్రెయిలర్ల కోసం చేసే ఎస్‌టీ టైర్లు చౌకగా కనిపించినా పికప్‌కి వేయకండి, స్టీరింగ్‌కీ ఇంజిన్ లాగుడుకీ అవి చేసినవి కావు.

టైరు కాలుతోంది, ఉబ్బింది, బటన్లు మాత్రం కొత్తగానే ఉన్నాయి

నా టైరు కథ ఇదే. బటన్లు చూసి ఇంకో రెండేళ్లు ఢోకా లేదనుకున్నాను. ఉబ్బు కనిపించాక స్టెప్నీ వేసుకుని, తీసిన టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చదివాను: 2214. 2014లో 22వ వారంలో తయారైందని అర్థం. బండి అమ్మినాయన "టైర్లు బాగున్నాయి" అన్నాడు, నేనూ నాలుగంకెలు చూడలేదు. ఎండలో నిలబెట్టిన బండి టైరు నడవకపోయినా ముసలిదవుతుంది, రబ్బరు గట్టిపడి పొరలు విడిపోవడం మొదలవుతుంది. దానికి ఎక్కువ బరువు, తక్కువ గాలి, ఎక్కువ స్పీడు తోడైతే పక్కగోడ వంగిన ప్రతిసారీ వేడి పుట్టి ఆ విడిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది.

ఉబ్బు కనిపించిన టైరుకి రిపేరు లేదు, గాలి తగ్గించి మెల్లగా పోదాం అనే ఆలోచనే వద్దు. ఆరేళ్లు దాటిన టైరు మీద క్యాంపర్ పెట్టకండి, కొత్తవి కొనేటప్పుడు కూడా బిగించే ముందే ఆ నాలుగంకెలు చూపించమనండి. నా కొత్త వాటిలో ఒకటి మూడేళ్ల నాటిది తెచ్చారు, మార్చమంటే మాట్లాడకుండా మార్చారు. ఉబ్బు లేకుండా ఒక్క టైరే మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంటే గాలి తక్కువ ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు, బేరింగు పోయి ఉండొచ్చు. రిమ్ము మధ్యభాగం కూడా కాలుతుంటే టైరుని వదిలేసి బ్రేకు వైపు చూడండి.

పొద్దున 80 కొట్టించాను, మధ్యాహ్నం 92 చూపిస్తోంది

టెన్షన్ పడకండి, గాలి తీయకండి. పక్కగోడ మీద రాసిన 80 చల్లటి టైరు లెక్క, అంటే కనీసం మూడు గంటలు నిలబడి ఉన్న బండి. నడిస్తే వేడికి పెరుగుతుంది, పెరగాలి కూడా. వేడి మీద 80కి దించేస్తే మర్నాడు పొద్దునకి 70 దగ్గర ఉంటుంది, అదే ప్రమాదం.

డాష్‌బోర్డ్ మీద లైటు వెలగలేదు కదా అన్న ధీమా కూడా వద్దు. చట్టం ప్రకారం స్టిక్కర్ మీద రాసిన గాలి కంటే 25 శాతం తగ్గితేనే ఆ లైటు వెలగాలి, 80 అయితే 60కి పడేదాకా అది నోరు విప్పకపోవచ్చు. పైగా మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు దాటిన బండ్లకి ఆ నిబంధన వర్తించదు. ఒక గేజి కొని డోరు జేబులో పడేయండి.

వారం వారం గాలి తగ్గుతోంది, పంక్చరేమో లేదు

వాల్వు చూడండి. మామూలు కార్లకి వేసే రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే, 80 కొడితే అది మెల్లగా వదిలేస్తుంది, వేడిలో మొదలు దగ్గర చీలుతుంది. సబ్బునీళ్లు రాసి వాల్వుని అటూ ఇటూ వంచితే బుడగలు తెలుస్తాయి. కొత్త టైర్లతో పాటు ఎక్కువ ప్రెషర్ రబ్బరు వాల్వులు గానీ లోహపు వాల్వులు గానీ వేయమని ముందే చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడగరు.

నడుమ అరిగిపోతోంది

క్యాంపర్ దించేశాక కూడా 80తోనే తిరుగుతున్నారు. ఖాళీ బండికి డోరు స్టిక్కర్లో ఉన్నంతే పెట్టుకుని, క్యాంపర్ ఎక్కించే రోజు మళ్లీ పెంచండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్. అలైన్‌మెంట్ మాత్రం క్యాంపర్ ఎక్కించి చేయించుకోండి, బరువు పడ్డాక బండి నిలబడే తీరు వేరు.

అన్నీ మార్చాను, స్టెప్నీ పాతదే

నేనూ మొదట అదే చేశాను. బండి కింద వేలాడే అయిదో టైరు కూడా అదే సైజు, అదే లోడు ఉండాలి, దానికీ డీఓటీ అంకెలు చూడాలి. ఇంకో విషయం, స్టెప్నీని కిందికి దించే కడ్డీ బంపర్లోని రంధ్రం గుండా వెళ్తుంది, క్యాంపర్ మెట్టు సరిగ్గా దానికి అడ్డం వస్తే రోడ్డు పక్కన ఏమీ చేయలేం. నా క్యాంపర్‌కి అడ్డం వచ్చింది, మెట్టు బోల్టులు విప్పడానికే అబిలీన్ దగ్గర ముప్పావు గంట పట్టింది. ఇంటి ముందే, క్యాంపర్ ఎక్కించి ఉండగా, మీ జాకీతోనే ఒక్కసారి చక్రం విప్పి బిగించి చూడండి. బిగించాక 50 నుంచి 100 మైళ్లు తిరిగి నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూసుకోవాలి, కొత్త టైర్లు వేయించినప్పుడూ అంతే.