గీజరు ఎంపిక, సంరక్షణ: ట్యాంకు లోపలి సంగతులు

గీజరు కొనేటప్పుడు చాలామంది లీటర్లను, గ్యారంటీ సంవత్సరాలను మాత్రమే చూస్తారు. కాని అది ఎన్నేళ్లు మన్నుతుందన్నది చాలావరకు ఇంటికి వచ్చే నీటి గుణం మీద, ట్యాంకు లోపల కంటికి కనబడని ఒక కడ్డీ మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి కొనే ముందు ఇంట్లోని కుళాయిలను, షవర్ రంధ్రాలను పరిశీలించాలి. అక్కడ తెల్లని గార గట్టిగా పేరుకుని ఉన్నా, సబ్బు సరిగా నురగ కట్టకపోయినా ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని అర్థం. అలాంటి ఇంటికి లోపల గాజుపూత ఉన్న ట్యాంకు, సులభంగా విప్పి మార్చుకోగల కాయిల్, యానోడ్ కడ్డీ (ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టే లోహపు కడ్డీ) ఉన్న గీజరును ఎంచుకోవాలి.

బకెట్టుతో స్నానం చేసే ఒకరిద్దరికి 15 లీటర్లు చాలు. షవర్ వాడే కుటుంబానికి 25 లీటర్లు అవసరమవుతాయి. 2 కిలోవాట్ల కాయిల్ 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు నీటి వేడిని 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్లకు కాస్త పైన మాత్రమే ఇవ్వగలదు కనుక, నా అభిప్రాయంలో అది వంటగది సింకుకు తగినదే తప్ప షవర్‌కు కాదు. గ్యాస్ గీజరును మాత్రం స్నానాల గది లోపల ఎంతమాత్రం పెట్టకూడదు. అది వెలువరించగల కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మూసిన గదిలో అది నిమిషాల్లో ప్రాణం తీయగలదు.

విద్యుత్ గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి కొన్ని చుక్కలు కారడం సహజమే. దాన్ని లీకేజీగా భావించి ఆ గొట్టాన్ని బిగించి మూసేస్తే ఒత్తిడికి దారి లేక ట్యాంకు పగిలిపోయే ప్రమాదం ఉంది. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే వాల్వును మార్పించాలి.

ఇక అసలు సంరక్షణ యానోడ్ కడ్డీది. మెగ్నీషియంతో చేసిన ఈ కడ్డీ ట్యాంకు ఉక్కుకు బదులుగా తాను తుప్పుపట్టి కరిగిపోతుంది. అది పూర్తిగా అరిగిన రోజు నుంచి తుప్పు ట్యాంకు మీదికి మళ్లుతుంది. అందుకే ఏడాదికొకసారి, నీటిలో లవణాలు ఎక్కువైతే ఇంకా ముందుగానే, దాన్ని విప్పి చూడాలి. స్విచ్‌తోపాటు ఎంసీబీని (ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్) కూడా ఆపి, నీరు చల్లారాక లోనికి వచ్చే నీటి వాల్వును మూసి, వేడినీటి కుళాయి తెరిచి ఒత్తిడి తగ్గించి, ట్యాంకు ఖాళీ చేసిన తరువాతే అడుగు మూత విప్పాలి. వైర్ల పని తెలియనివారు దీన్ని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే మేలు. కడ్డీ సగానికి పైగా సన్నబడినా, మధ్యలోని తీగ బయటపడినా కొత్తది వేయాలి. కాయిల్ మీద పట్టిన గారను కత్తితో గీకితే లోహం దెబ్బతింటుంది, అందుచేత సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో తీయాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ (మూత సందుల్లోంచి నీరు కారకుండా ఆపే వలయం) వేసి, నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. వేడినీటి కుళాయిలో గాలి బుడగలు ఆగి నీరు ధారగా వచ్చాకే స్విచ్ వేయాలి, ఎందుకంటే నీరు లేకుండా కాయిల్ కొద్ది సేపట్లోనే మాడిపోతుంది.

నిల్వ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచడం మంచిది. అంతకన్నా బాగా తగ్గిస్తే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా బాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది, పెంచితే గార త్వరగా పడుతుంది. ఆ వేడికి చర్మం కొన్ని సెకన్లలోనే కాలుతుంది కాబట్టి పిల్లలకు, వృద్ధులకు బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, ఆపైన వేడినీళ్లు కలపాలి. కుళాయిలో తుప్పు రంగు నీరు రావడం, వేడెక్కేటప్పుడు లోపల పగిలినట్లు చప్పుళ్లు వినబడటం శుభ్రం చేయాల్సిన సమయం దాటిందనడానికి గుర్తులు. ట్యాంకు గోడ నుంచే నీరు చెమ్మగిల్లుతుంటే మాత్రం మరమ్మతు నిలవదు. విద్యుత్తు ఆపేసి కొత్త గీజరు తీసుకోవాలి.