ఇళ్ల విధానం తయారీలో అందరినీ కూర్చోబెట్టడం ఎలా?

ఇళ్ల పథకాల మీద మన దగ్గర సభలకేమీ కొదవ లేదు. షామియానా వేస్తారు, మైకు పెడతారు, ముందు వరుస కుర్చీల్లో పెద్దలు కూర్చుంటారు. ముగిశాక అందరి అభిప్రాయాలూ తీసుకున్నామని రాసుకుంటారు. ఆ అందరిలో అద్దెకుండే మనిషి మాత్రం కనపడడు. ఇల్లు లేనివాళ్ల కోసం చేసే విధానం మీద ఇల్లున్నవాళ్లే మాట్లాడి వెళ్లిపోవడం నేను చూసినంతలో మామూలే. విజయవాడ ప్రాంతంలో మీ కాలనీ సంఘమో, కాలేజీయో, స్వచ్ఛంద సంస్థో ఇలాంటి సంప్రదింపు జరపాలనుకుంటే ఈ పద్ధతిలో వెళ్లి చూడండి.

1. హద్దు, ప్రశ్న తేల్చుకోండి

బెంజి సర్కిల్‌లో పని చేసే మనిషి కానూరులో అద్దెకు ఉంటాడు. అతని తమ్ముడు కృష్ణ దాటి తాడేపల్లిలో ఉంటాడు. 2022 ఏప్రిల్ విభజనలో ఈ మూడు చోట్లూ మూడు జిల్లాల్లో పడ్డాయి. అద్దెలకు ఆ సరిహద్దుతో పని లేదు కాబట్టి మూడు వైపుల నుంచీ మనుషులను పిలవాలి.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. 'అందరికీ ఇళ్లు కావాలా?' అంటే చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. 'కాలువ గట్టు మీది కుటుంబాలకు ఇళ్లిస్తే ఇప్పుడు పని చేసే చోటికి ఎంత దూరంలో ఇవ్వాలి?' అని అడిగితే వాదన మొదలవుతుంది. మనకు కావలసింది అదే.

2. పేర్ల కన్నా ముందు చోట్లు రాసుకోండి

బెజవాడలో పేదవాడి ఇల్లు ఎక్కడుందో చెబితే కష్టమేమిటో సగం తెలిసిపోతుంది. గుణదల, మొగల్రాజపురం, చిట్టినగర్ కొండవాళ్లకు నీళ్లు పైకెక్కవు, వానొస్తే రాళ్ల భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్ల మీదివాళ్లను ఎప్పుడు ఖాళీ చేయమంటారోననే దిగులు వదలదు. ఆ సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కృష్ణలంకను రక్షణ గోడ కాచింది. అదే రోజుల్లో బుడమేరు సింగ్ నగర్ వైపు పల్లాన్ని ముంచేసింది.

మునిగినవాటిలో వాంబే కాలనీ కూడా ఉంది. ఆ పేరు 2001లో కేంద్రం తెచ్చిన వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన నుంచి వచ్చింది. ప్రభుత్వం కట్టిచ్చిన ఇంట్లో ఉండి నీట మునిగినవాళ్లు వీళ్లు. కొత్త కాలనీకి స్థలం ఎక్కడ చూడాలన్న మాట వచ్చినప్పుడు ముందుగా వినవలసింది వీళ్లనే. ఇంజనీర్ల మాట తర్వాత వినవచ్చు.

ఇక అద్దెదారులు. వీళ్లను ఇంటి యజమానుల సంఘం ద్వారా పిలిస్తే రారు. ఆటోనగర్ షెడ్లకు, ఆస్పత్రుల్లో నర్సుల దగ్గరకు, కూలీల అడ్డాకు మీరే వెళ్లాలి. టు-లెట్ బోర్డు వేలాడుతున్నా ఇల్లు దొరకనివాళ్లూ ఉంటారు: ఒంటరి మహిళలు, ట్రాన్స్‌జెండర్లు, కులమో మతమో అడిగి కాదనిపించుకున్నవాళ్లు. మహిళలను పిలవడానికి పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా కింది పొదుపు సంఘాలు మంచి దారి. అయితే ప్రతి సభకూ ఆ నలుగురు లీడర్లే వస్తారు. ఈసారి మాట్లాడనివాళ్లను పంపమని మర్యాదగా అడగండి. బిల్డర్లు, బ్యాంకులవాళ్లు పిలుపు అందితే చాలు, వాళ్లే వస్తారు.

3. వేళ చూసుకోండి

ఉదయం పదకొండింటి సభకు వచ్చిన కూలీకి ఆ రోజు కూలి పోయినట్టే. ఆదివారం సాయంత్రం, బస్తీకి దగ్గర్లోని స్కూలు వరండా చాలు. మే నెల వద్దు, కారణం బెజవాడవాళ్లకు చెప్పనక్కర్లేదు.

4. ముందు విడివిడిగా, తర్వాత కలిపి

ఇంటాయన ఎదురుగా కూర్చుంటే అద్దెదారు నోరు విప్పడు. పట్టా ఉన్నవాళ్ల పక్కన పట్టా లేనివాళ్లదీ అదే తీరు. అందుకే మొదట పదిహేను, ఇరవై మందితో వేరువేరుగా కూర్చోండి. అభిప్రాయం కన్నా లెక్క అడగండి: అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, పనికి వెళ్లి రావడానికి ఆటోకు ఎంత. ఊరి బయట ఉచితంగా ఇచ్చిన ఇల్లు కొందరికి ఎందుకు భారమైందో ఆ మూడో అంకె దగ్గర తెలుస్తుంది.

యజమానుల మాటా ఇంతే శ్రద్ధగా వినాలి. ఖాళీ చేయరేమోనన్న భయంతో పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకునేవాళ్లు, వాటాకు తాళం వేసి అలాగే ఉంచేవాళ్లు మన వీధిలోనే ఉంటారు. వాళ్ల భయం తీరకుండా అద్దె ఇళ్లు పెరగవు.

ఉమ్మడి సభను ఈ లెక్కలు చదవడంతో మొదలుపెట్టండి. అధికారులు, నాయకులు చివర్లో మాట్లాడాలి. ముందే మాట్లాడితే సభ అక్కడితో అయిపోతుంది.

5. ఇంటిని సుద్దతో గీయండి

పట్టణ పేదలకు ప్రభుత్వం అపార్ట్‌మెంట్లుగా కట్టించే టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉంటాయని అందరూ వినే ఉంటారు. ఆ కొలత కళ్లకు కట్టాలంటే స్కూలు ఆవరణలో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గీత గీయండి. అది 300. మంచం, బీరువా, కుట్టుమిషను ఎక్కడ పెడతారో లోపల నిలబడి చూపించమనండి. టిఫిన్ బండితో బతికే ఇల్లాలు 'మూడో అంతస్తుకు బండి ఎలా ఎక్కించాలండీ?' అని అడిగితే దాన్ని ఆమె మాటల్లోనే రాసుకోండి. ఇల్లంటే బతుకుతెరువు కూడానని నివేదికలో పేజీలు నింపే పని తప్పుతుంది.

6. రాసింది చదివి వినిపించండి, రసీదు తీసుకోండి

రెండు వారాల్లోపు తెలుగులో రెండు పేజీలు చాలు. ఏ మాట తీసుకున్నారో, ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాసి, వచ్చినవాళ్లకు చదివి వినిపించాలి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, రెండోసారి పిలిస్తే జనం రాకపోవడానికి సగం కారణం ఇదే.

తర్వాత దాన్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిన సమయమైతే అభ్యంతరాల గడువులోగా అక్కడా ఇవ్వండి. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. విజయవాడ, గుంటూరు రెండూ ఆ లెక్కలోకి వస్తాయి కాబట్టి మీ కాగితాన్ని అక్కడ చర్చకు పెట్టమని అడగవచ్చు.

కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబు నకలును అదే స్కూలు వరండాలో, ఆదివారం సాయంత్రానికి ముందే అంటించండి.