పాత కంబోడియా పాప్ రికార్డు చేతికొస్తే

1975 ఏప్రిల్ 17న కంబోడియా కమ్యూనిస్టు దళమైన ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నాం పెన్‌ను ఆక్రమించాయి. ఆ తర్వాతి ఏళ్లలో సిన్ సిసామౌత్, రోస్ సెరే సోథియా, పెన్ రాన్ వంటి గాయకులు మాయమయ్యారు. వాళ్ల పాటల మాస్టర్ టేపులు, అంటే స్టూడియోలోని మూల టేపులు, దాదాపు దక్కలేదు. కాబట్టి అరిగిపోయిన 45 ఆర్‌పీఎం రికార్డునే అసలు ప్రతిగా చూసుకోవాలి.

1980ల్లో విదేశాలకు వలసవెళ్లిన కంబోడియా కుటుంబాల మధ్య తిరిగిన క్యాసెట్లలో చాలావాటికి డ్రమ్ మెషీను, కీబోర్డు, ఎకో అతికించారు, వేగమూ మార్చారు. వాటినే అసలు పాటలనుకోకండి, అలాగని పారేయకండి. కొన్ని పాటలకు అదొక్కటే ప్రతి కావచ్చు.

రికార్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. లీటరుకు ఫొటో ఫిల్ములకు వాడే వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు బాగా పరుచుకునేలా చేసే ద్రవం) ఒకటి రెండు చుక్కలు చాలు. లేబుల్ తడవకూడదు, బ్రష్ గాడి వెంటే నడవాలి. చివర వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి నీడలో ఆరబెట్టండి. నీళ్లు ఆరకుండా ముల్లు పెడితే మురికి గాడిలోకి ఇంకా దిగుతుంది.

ముల్లు ఎంపికలోనే ఫలితం ఉంటుంది. మామూలు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు గరగరలాడితే 1 మిల్ గుండ్రటి ముల్లుతో వినండి. అది గాడి గోడకు మరోచోట, అంతగా అరగని భాగానికి తగులుతుంది. పాట మోనో అయినా రెండు చానళ్లూ విడిగా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ (కుదించని ధ్వని) ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. గాడి ఒక్కో గోడ ఒక్కో చానల్ ఇస్తుంది కాబట్టి, ఒక గోడ మరీ దెబ్బతింటే రెండో చానల్ నుంచే శుభ్రమైన మోనో తీసుకోవచ్చు. ఎక్కించేటప్పుడు పీక్ (గరిష్ఠ ధ్వని స్థాయి) మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. నాయిస్ రిడక్షన్ (గరగర తగ్గించడం) ఆ ఫైలు నకలుకే చేయండి. గరగరతోపాటు సిసామౌత్ ఊపిరి, తాళాల మెరుపూ పోతాయి, అవి మళ్లీ రావు.

క్యాసెట్‌ ధ్వని మొద్దుబారి, వచ్చిపోతూ ఉంటే ముందు లోపల టేపును హెడ్‌కు నొక్కిపట్టే మెత్త ఊడిందేమో చూడండి. అది సరిగా ఉంటే ప్లేయర్‌ హెడ్ పక్కనున్న అజిమత్ స్క్రూను (హెడ్ వాలును సరిచేసేది) పై స్వరాలు తేటపడేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. బూజు పట్టిన టేపును మాత్రం ప్లే చేయకండి.

రికార్డు లేబుల్‌ను రెండు వైపులా, లోపలి అంచున చెక్కిన నంబరునూ ఫొటో తీయండి. పేర్లను ఖ్మేర్ లిపిలోనే రాయించండి, ఎందుకంటే ఆంగ్ల అక్షరాల్లో ఒక్క పేరే నాలుగు రకాలుగా కనబడుతుంది. 1996లో అమెరికాలో విడుదలైన ఒక సంకలనంలోనైతే గాయకుల పేర్లే లేవు. ఫైళ్లను మూడు చోట్ల దాచండి, ఒక ప్రతి నాం పెన్‌లోని బోఫానా కేంద్రానికి (కంబోడియా దృశ్య, శ్రవ్య భాండాగారం) ఇవ్వండి. బహిరంగంగా పెట్టేముందు గాయకుల కుటుంబాల అనుమతి అడగండి.