ఢిల్లీలో ఫిలాసఫీ ఆనర్స్ చదవాలంటే

ఇంటర్ మార్కులు చూసి సీటిచ్చే రోజులు ఢిల్లీ యూనివర్సిటీలో 2022తో పోయాయి తమ్ముడూ. ముందు సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి, తర్వాత అడ్మిషన్ పోర్టల్‌లో కోర్సు, కాలేజీ కలిపి ఇష్టమైన వరసలో పెట్టాలి. హిందూ కాలేజీలో ఫిలాసఫీ ఉంది; మిరాండా హౌస్‌లోనూ ఉంది కానీ అది అమ్మాయిలకే.

చేరాక అందరూ లాజిక్ అంటే టెన్షన్ పడతారు. నన్నడిగితే అదే సులువు. రోజూ రెండు ట్రూత్ టేబుల్స్ (వాక్యం ఎప్పుడు నిజమో, ఎప్పుడు అబద్ధమో చూపే పట్టికలు) వేస్తే చేయి తిరుగుతుంది. కష్టమల్లా న్యాయదర్శనం, అంటే తర్కం మీద నడిచే మన పాత తత్వశాస్త్రం. అందులో వాదనకుండే ఐదు మెట్లను ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని బట్టీ పట్టకు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని అమ్మను ఎలా ఒప్పిస్తావో ముందు తెలుగులో రాసుకో (పొగ ఉన్నచోట నిప్పుంటుందని చూపే వంటింటి పొయ్యి ఉదాహరణ పాతదే, ఇప్పటికీ పనికొస్తుంది). ఇంగ్లీషులోకి తర్వాత మార్చుకోవచ్చు.

మూడేళ్లకే ఆనర్స్ డిగ్రీతో బయటికి రావచ్చు. రీసెర్చ్ మీద ఆశ ఉంటేనే నాలుగో ఏడు ఉండు.