చర్చిలో పిల్లల సేఫ్టీ: పాస్టర్ గారికి కూడా వర్తించే రూల్స్ ఎలా పెట్టుకోవాలి

"మా సంఘంలో అలాంటివాళ్ళు ఎవరూ లేరండి" అనే మాట దగ్గరే చాలా చర్చిలు ఆగిపోతాయి. అందరూ అన్నా, అక్కా, అంకుల్ అని పిలుచుకునే చోట రూల్ పెడితే ఎవరినో అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. పిల్లల జోలికొచ్చేవాడికి కావాల్సింది సరిగ్గా ఆ మొహమాటమే. వాడు చాలాసార్లు ముందు అమ్మానాన్నల దగ్గరికి వస్తాడు, సాయం చేస్తాడు, ఇంటికొచ్చి ప్రేయర్ చేస్తాడు, బాబుని నేను దింపుతాలే అక్కా అంటాడు, నెలలు పట్టినా ఓపిగ్గా ఇంట్లో మనిషైపోతాడు. అందుకే మనిషిని చూసి రూల్ సడలించకూడదు, పాస్టర్ గారికి అస్సలు సడలించకూడదు.

మొదట పెట్టాల్సింది ఇద్దరు పెద్దల రూల్. సండే స్కూల్ అయినా, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు) అయినా, క్వయర్ ప్రాక్టీస్ అయినా పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. మొగుడూపెళ్ళాలు ఇద్దరున్నా ఈ లెక్కలో ఒక్కరే, ఎందుకంటే ఒకరి మీద ఒకరు చెప్పడం కష్టం. రెండో టీచర్ రాలేదా, రెండు క్లాసులు కలిపేయండి, కుదరకపోతే ఆ వారం పిల్లలు అమ్మానాన్నల పక్కనే కూర్చుంటారు, ఏమీ మునిగిపోదు. తలుపుకి అద్దం పెట్టించండి, లేదంటే తలుపు తెరిచే ఉంచండి. పాస్టర్ గారు టీనేజ్ అమ్మాయికి కౌన్సెలింగ్ ఇవ్వాలంటే బయటివాళ్ళకి కనిపించే చోటే ఇవ్వాలి. మాటలు వినపడక్కర్లేదు, మనుషులు కనపడితే చాలు. చిన్నపిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళకే తిరిగి అప్పగించండి, వేరేవాళ్ళొస్తే ఫోన్ చేసి కనుక్కోండి.

వాలంటీర్ల విషయంలో కొత్తగా వచ్చినవాళ్ళకి వెంటనే పిల్లల్ని అప్పగించకండి, కనీసం ఆరు నెలలు ఆగండి అని చాలా సంఘాలు పాటిస్తాయి, మంచి పద్ధతి. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, కానీ దాన్ని చూసి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోకండి, అందులో దొరికేది ఇంతకుముందు కేసైనవాడే. అంతకంటే పనికొచ్చేది వాళ్ళు ముందు వెళ్ళిన చర్చికి ఒక ఫోన్. "వీళ్ళని మళ్ళీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?" అని సూటిగా అడగండి, అవతలివాళ్ళు నసిగితే అదే జవాబు.

ఇప్పుడు ఫోన్ల గోల. యూత్ లీడర్ ఏ పిల్లకీ పర్సనల్‌గా మెసేజ్ పెట్టకూడదు, పెడితే గ్రూప్‌లోనే, ఆ గ్రూప్‌లో పేరెంట్స్ కూడా ఉండాలి. మెసేజ్‌లు ఆటోమేటిక్‌గా మాయమైపోయే యాప్‌లు వద్దు. పిల్లల ఫొటోలు పేరుతో సహా ఎక్కడా పెట్టకండి. అలాగే ఏ పెద్దవాళ్ళైనా "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటే వెంటనే ఇంట్లో చెప్పాలని పిల్లలకి నేర్పండి, ఇది ఒక్కసారి చెప్తే సరిపోదు.

అసలు పరీక్ష ఒక పిల్ల వచ్చి ఏదైనా చెప్పినప్పుడు. కూర్చుని వినండి, "నిజంగానా?" అనొద్దు, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, మీరే పది ప్రశ్నలేసి ఎంక్వైరీ చెయ్యొద్దు. పిల్ల వాడిన మాటలు ఉన్నవున్నట్టు, టైమ్, తేదీ వేసి రాసుకోండి, అదే రోజు పోలీసులకో పిల్లల రక్షణ అధికారులకో చెప్పండి. సంఘ పెద్దల మీటింగ్ తర్వాత పెట్టుకోవచ్చు. ఆరోపణ వచ్చిన మనిషిని పిలిచి ముందే "నీ గురించి ఇలా అంటున్నారు" అంటే సాక్ష్యం చెరిపేసుకోడానికి టైమిచ్చినట్టే. పిల్లల పనిలోంచి ఆ మనిషిని వెంటనే పక్కన పెట్టాలి, ఎలా చెయ్యాలో పోలీసులని అడిగే చెయ్యండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడం అన్నిటికంటే ఘోరం.

లోపల్లోపల సర్దేస్తే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 2002లో అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ పేపర్ బయటపెట్టింది అదే, ఆరోపణలున్న కాథలిక్ ఫాదర్లని ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మార్చుకుంటూ పోయారు. 2021లో ఫ్రాన్స్ కాథలిక్ సంఘం మీద వచ్చిన స్వతంత్ర కమిషన్ రిపోర్ట్ 1950 నుంచి ఫాదర్లు, సన్యాసుల చేతిలో సుమారు 2,16,000 మంది పిల్లలు నలిగిపోయారని అంచనా వేసింది. ఇదేదో కాథలిక్కుల గొడవ అనుకునేవాళ్ళకి ఇంకోటి: అమెరికాలో సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంట్ శాఖ హెడ్ ఆఫీసులో నిందితుల లిస్టు 700 మందికి పైగా పేర్లతో ఏళ్ళ తరబడి గుట్టుగా ఉందని 2022 రిపోర్ట్‌లో తేలింది. లిస్టు ఉంది, సంఘాలకి మాత్రం చెప్పలేదు!

ఇక క్షమాపణ. "తప్పయిపోయింది, క్షమించెయ్ తల్లీ" అని పిల్లని ఒత్తిడి చెయ్యకండి, క్షమించడం ఆ పిల్ల ఇష్టం, కేసు చట్టం పని, రెండిటికీ సంబంధం లేదు. "అభిషిక్తుల మీద చెయ్యెత్తకూడదు", అంటే దేవుడు ఎన్నుకున్న సేవకుల్ని ఏమీ అనకూడదు అనే మాట ఇక్కడ వాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. శిక్ష పడినవాడు మారుమనసు పొందాను, ఆరాధనకి వస్తానంటే అధికారులతో మాట్లాడి ఏం చెయ్యకూడదో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి, వచ్చిన ప్రతిసారీ పక్కన ఒక మనిషి ఉండాలి, పిల్లల గదుల వైపు అడుగు పడకూడదు. బాధపడ్డ పిల్ల అదే చర్చికి వస్తుంటే మాత్రం వాడే వేరే చర్చి చూసుకోవాలి.

కంప్లైంట్ తీసుకునేవాళ్ళు ఇద్దరుండాలి, అందులో ఒక్కరైనా పాస్టర్ గారి బంధువూ జీతగాడూ కాని మనిషి అయ్యుండాలి, వాళ్ళ ఫోన్ నంబర్లు పోలీసుల నంబర్‌తో పాటు గోడ మీద పిల్లలకి అందే ఎత్తులో రాయండి. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి పది మంది పేరెంట్స్‌ని అడగండి, "పాస్టర్ గారి మీదే కంప్లైంట్ ఉంటే ఎవరికి చెప్తారు?" అని. మొహమొహాలు చూసుకుంటే ఆ గోడ మీద రాసింది ఇంకా ఎవరూ చదవలేదన్నమాట, వచ్చే వారం స్టేజీ మీద నుంచి మైకులో చదివి వినిపించండి.