ఊరు తిరిగి అలసిపోయాక స్పాకి వెళ్తే

నేనైతే స్పాకి సాయంత్రమే వెళ్తాను. పొద్దున్నే వెళ్తే ఆ హాయి అంతా ట్రాఫిక్‌లోనే ఆవిరైపోతుంది. దిగిన చోటి నుంచి నడిచి వెళ్లగలిగే స్పా చూసుకోండి, ముందే బుక్ చేసుకోండి. కడుపు నిండా తిని వెళ్లకండి. మద్యం అసలు వద్దు.

మసాజ్‌కి ముందే బీపీ, గర్భం, పాత దెబ్బలు ఏమున్నా చెప్పేయండి. ఎండకు కమిలిన చోట చెయ్యి పడనివ్వకండి. నొక్కుడు ఎక్కువైతే మొహమాటం లేకుండా "కొంచెం మెల్లగా" అనండి. ఓర్చుకుంటూ పడుకుంటే కండరాలు ఇంకా బిగుసుకుంటాయి.

ఆవిరి గదిలో 10 నిమిషాలు చాలు. వేడికి రక్తనాళాలు విప్పారి బీపీ తగ్గుతుంది, చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు లేవండి. ఆ రాత్రికి ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి.